చేయి చూపే గణితం

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ఉప్పల్ వీథుల్లో నడిచి చూడండి. కాగితం లేదు, పెన్సిలు లేదు, రబ్బరు అసలే లేదు. కళ్ళాపి చల్లిన వాకిట్లో బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్యనుండి పిండిని సన్నని ధారగా జారవిడుస్తూ స్త్రీలు బొమ్మ గీస్తుంటారు. దీన్ని చిత్రలేఖనం పీరియడులో ఎందుకు చేర్చరో నాకు నేటికీ వింతే!

మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు. చుక్కల సందుల్లో ఏటవాలుగా సాగి, అంచుకు రాగానే అద్దానికి తగిలిన కాంతికిరణంలా మళ్ళుతుంది. మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టండి. ఒకే గీత అన్నిటినీ చుట్టి, బయలుదేరిన చోటికే చేరుతుంది. మూడేసి చుక్కలు పెడితే మాత్రం మూడు గీతలు గీయవలసిందే! కారణం మీరు చదివిన గ.సా.భా. 3, 4లకు అది 1. 3, 3లకు 3. అది ఎంతో, గీతలన్ని.

తమిళ స్త్రీల ఇటువంటి ముగ్గులకే 1974లో మద్రాసు గణితవేత్తలు గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ భాషకున్నట్లే వ్యాకరణం వ్రాశారు. చిన్న ముక్కనుండి పెద్ద బొమ్మను అల్లే నియమాలవి. కంప్యూటరుకూ పనికివస్తాయి.

మరి నాలుగు వరుసల్లో ఆరేసి చుక్కలైతే ఎన్ని గీతలు? అమ్మను అడగకముందే వేసి చూడండి.