ఏటేటా అదే ఏటికి

చేపల వేట మీద అమెరికన్ కథ అనగానే చాలామందికి గుర్తొచ్చేది హెమింగ్వే రాసిన 'బిగ్ టూ హార్టెడ్ రివర్'. 1925లో వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నిక్ అనే కుర్రవాడు రైలు దిగి, కాలిపోయిన ఊరు దాటి, ఏటి ఒడ్డున గుడారం వేసుకుని ట్రౌట్ చేపలు పడతాడు. పక్కన పలకరించే మనిషి ఉండడు. (నిక్ గాలానికి గుచ్చింది బతికున్న మిడతల్ని. బతికున్న ఎర వాడని ఫ్లై ఫిషింగ్ అభిమానులు ఆ సంగతి చూసీచూడనట్టు వదిలేస్తారు.) ఈ కథకు మూలమైన ప్రయాణంలో మాత్రం హెమింగ్వే ఒంటరిగా లేడు. 1919లో ఉత్తర మిషిగన్‌లో సీనీ అనే ఊరి దగ్గర ఫాక్స్ నదికి ఇద్దరు స్నేహితులతో కలిసి వెళ్ళాడు. కథలోకి వచ్చేసరికి ఆ ఇద్దరూ మాయమయ్యారు. ఫ్లై ఫిషింగ్ గురించి లోకానికున్న బొమ్మ కూడా ఇలాంటిదే: మోకాలి లోతు నీళ్ళలో ఒక్క మనిషి, చుట్టూ అడవి, నిశ్శబ్దం. అసలు జరిగేది వేరు. నలుగురైదుగురు స్నేహితులు ఏటా ఒకే వారంలో, ఒకే నదికి, తరచు ఒకే చెక్కింటికి వెళ్తారు. పైకి ఇది మధ్యవయసు మగవాళ్ళ సరదాలా కనిపిస్తుంది, చాలావరకు సరదానే. కానీ మిషిగన్‌లోని ఔ సాబుల్ అనే నది చరిత్ర చూస్తే, ఆ నదిలో ఇవాళ ట్రౌట్ ఉన్నాయంటే అందులో ఈ సరదా వాటా చిన్నది కాదనిపిస్తుంది.

ముందు ఈ వేట ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. మనకు తెలిసిన గాలంలో ముల్లుకు వానపామో పిండిముద్దో గుచ్చి, సీసం కట్టి, బెండు తేలేసి కూర్చుంటాం. విసిరినప్పుడు ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో గుచ్చే ఎర ఉండదు. ఈకలు, బొచ్చు, సన్నదారం చుట్టి ముల్లునే పురుగులా తయారు చేస్తారు. దాని పేరే ఫ్లై. దానికి బరువుండదు కాబట్టి విసిరితే ఎటూ పోదు. అందుకని దారాన్నే మందంగా, బరువుగా చేస్తారు. కర్రను వెనక్కీ ముందుకీ ఊపుతూ ఆ దారాన్ని గాలిలో సాగదీసి నీటిమీదికి జారవిడుస్తారు. దారం కొసన కంటికి ఆనని నైలాన్ పోగు, ఆ పోగు చివర ఫ్లై. అది ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు, ఎవరి చేతిలోనూ లేనట్టు తేలిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పూట ఆ నీటిమీద నిజంగా ఏ పురుగు లేస్తోందో పట్టేవాడికి తెలియాలి. తెలియకపోతే ఎంత బాగా విసిరినా చేప పట్టించుకోదు.

స్నేహితుల జట్టు అవసరం పడేది ఇక్కడే. మేఫ్లై జాతి పురుగులు పిల్లదశలో నది అడుగున ఏడాదో రెండేళ్ళో బతికి, కొద్దిరోజుల్లోనే గుంపులుగా రెక్కలు తొడుక్కుని పైకి వస్తాయి. ఔ సాబుల్‌లో హెక్స్ అని పిలిచే పెద్ద మేఫ్లై జూన్ ఆఖర్లో, చీకటి పడ్డాక లేస్తుంది. పగలంతా బయటికి రాని పెద్ద ట్రౌట్ ఆ రాత్రులు పైకొచ్చి మేస్తాయి. కాబట్టి ఈ సెలవు తేదీని నిర్ణయించేది ఆఫీసు క్యాలెండరు కాదు, పురుగు. పైగా మైళ్ళ పొడుగునా ఉన్న నదిలో ఏ వంపు దగ్గర ఏది లేచిందో ఒక్కడు చూడలేడు. పగలు విడిపోయి నిలబడినవాళ్ళు రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుంటేనే లెక్క కుదురుతుంది. ప్రపంచమంతా వాడే ఆడమ్స్ అనే ఫ్లై కూడా స్నేహంలోంచి పుట్టిందే. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే దాన్ని కట్టి, మొదట వాడి చూసిన స్నేహితుడు చార్లెస్ ఆడమ్స్ పేరే దానికి పెట్టాడు.

ఔ సాబుల్ మీద ఇంత మోజు ఎందుకంటే దాని నీళ్ళు. హిమానీనదాలు వదిలిపోయిన లోతైన ఇసుక మీద అది పారుతుంది. వాన నీరు ఆ ఇసుకలోకి ఇంకి, ఊటలుగా నదిలోకి వస్తుంది. అందువల్ల పెద్దగా వరద రాదు, ఎండిపోదు, వేసవిలోనూ చల్లగా ఉంటుంది. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ట్రౌట్‌కు కష్టకాలమే. మన గోదావరి, కృష్ణల్లో ఇది బతకకపోవడానికి కారణం అదే. మనదేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరుల లాంటి చలి చోట్లలోనే కనిపిస్తుంది. అదీ బ్రిటిష్‌వాళ్ళు తెచ్చి వదిలినదే.

ఇప్పుడు నా వాదనకు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. ఔ సాబుల్‌లో మొదట ఉన్నది ట్రౌట్ కాదు, తెరచాపలాంటి రెక్క ఉన్న గ్రేలింగ్. నది ఒడ్డున ఉన్న ఊరికి కూడా ఆ చేప పేరే పెట్టారు. 1870ల్లో రైలు రాగానే పట్నాల నుంచి సరదా వేటగాళ్ళు జట్లు జట్లుగా దిగారు, ఏటా వచ్చారు. అయినా గ్రేలింగ్ మిగల్లేదు. కలపవాళ్ళు నరికిన దుంగల్ని నదిలో వదిలితే అవి చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ పొరల్ని గీరేశాయి. ఒడ్డున చెట్లు పోయి నీళ్ళు వేడెక్కాయి, ఇసుక దిగింది. పట్టినవాళ్ళు లెక్క లేకుండా పట్టి షికాగో, డెట్రాయిట్ బజార్లకు పంపారు. బయటి ట్రౌట్ జాతులు వచ్చి పోటీ పడ్డాయి. 1930లు ముగిసేలోగా మిషిగన్‌లోనే గ్రేలింగ్ లేకుండా పోయింది. మరి ఆ జట్లు ఏం కాపాడినట్టు?

ఏమీ కాపాడలేదు. అందుకే స్నేహితులు కలిసి వెళ్ళడం ఒక్కటే చాలదంటున్నాను. ఆనాటి వేటగాడికి ఒక నది ఖాళీ అయితే రైలు మరో నదికి తీసుకెళ్ళేది. చేపతోనే పని, నదితో కాదు. ఆ ఖాళీ అయిన చోటికే మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు తయారైనప్పుడే కథ మలుపు తిరిగింది. నాష్ కెల్వినేటర్ కంపెనీ అధిపతి జార్జ్ మేసన్ ఔ సాబుల్ దక్షిణ పాయ మీద స్థలం కొని అక్కడే చేపలు పట్టేవాడు. 1954లో చనిపోతూ దాదాపు 1,500 ఎకరాలు రాష్ట్రానికి రాసిచ్చాడు, అమ్మకూడదు, కట్టడాలు లేపకూడదు అన్న షరతుతో. ఆయన వేట స్నేహితుడు జార్జ్ గ్రిఫిత్ ఇల్లు అదే నది మీద ఉండేది. 1959 జులై 18న ఆ ఇంట్లో 16 మంది చేరి ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ పెట్టారు. ఇవాళ దానికి దేశమంతటా దాదాపు 400 శాఖలున్నాయి.

వాళ్ళు మొదట ఎదిరించింది ఫ్యాక్టరీలనో డ్యాములనో అనుకుంటాం. కాదు, తమకు చేపలు సప్లై చేస్తున్న ప్రభుత్వాన్నే. అప్పట్లో తొట్లలో పెంచిన ట్రౌట్‌ను లారీల్లో తెచ్చి నదిలో పోసేవారు, జనం పట్టుకుపోయేవారు. చేప దొరుకుతోంది కదా అని ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు సంతోషిస్తాడు. ఏటా వచ్చేవాడికే తేడా తెలుస్తుంది: నది బాగుపడలేదు, లారీ మాత్రమే వస్తోంది. నదిని బాగుచేస్తే చేపలు వాటంతట అవే పెరుగుతాయన్నది గ్రిఫిత్ బృందం మాట. తర్వాత మోంటానాలో రిచర్డ్ విన్సెంట్ అనే జీవశాస్త్రవేత్త మాడిసన్ నదిలో లెక్కలు తీసి, తొట్టి చేపల్ని వదలడం ఆపిన చోట అడవి ట్రౌట్ పెరిగాయని చూపించాడు. 1974లో ఆ రాష్ట్రం ట్రౌట్ బతికే నదుల్లో తొట్టి చేపల్ని వదలడం మానేసింది. తమకు సులువుగా దొరికేదాన్ని ఆపమని ప్రభుత్వాన్ని అడిగే సరదా బృందాలు లోకంలో ఎన్ని ఉంటాయో నాకు అనుమానమే.

దీనికి కాస్త లౌక్యం తెలిసినవాళ్ళు ఒక మాట అంటారు: నదుల్ని కాపాడింది స్నేహాలు కాదు, డబ్బు. 1950లో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చింది. చేపలు పట్టే సామాను మీద వేసిన పన్ను రాష్ట్రాల మత్స్య శాఖలకు చేరుతుంది. లైసెన్సు రుసుములు దానికి తోడు. ఈ మాటలో నిజముంది. కానీ పన్ను ఒంటరిగా పట్టేవాడూ కడతాడు, ఏడాదికోసారి కర్ర కొని అటక మీద పడేసేవాడూ కడతాడు. పన్ను కోర్టుకు వెళ్ళదు. మేసన్ ఇచ్చిన భూమి పక్కన సహజవాయువు బావి తవ్వడానికి అటవీ శాఖ అనుమతిస్తే, ఆంగ్లర్స్ ఆఫ్ ది ఔ సాబుల్ అనే స్థానిక సంఘం మరికొందరితో కలిసి దావా వేసింది. 2008లో ఫెడరల్ కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. గ్రేలింగ్ ఊళ్ళోని పాత చేపల తొట్లలో ఏడాదికి 3,00,000 పౌండ్ల దాకా ట్రౌట్ పెంచే వ్యాపారానికి అనుమతి వచ్చినప్పుడూ, ఆ వ్యర్థాలన్నీ నదిలోకే వస్తాయని అదే సంఘం పోరాడింది. 2018లో రాజీ కుదిరి ఆ వ్యాపారం ఆగింది. ఇలాంటి వాటికి కావలసింది పదేళ్ళ కిందట ఈ వంపులో నీళ్ళు ఎలా ఉండేవో చెప్పగలిగే మనుషులు, విచారణ రోజున సెలవు పెట్టి వచ్చే మనుషులు. అలాంటివాళ్ళు దొరికేది ఏటా అక్కడికి వచ్చే జట్లలోనే.

జంతుప్రేమికుల అభ్యంతరాన్ని ఇంత సులువుగా దాటలేం. తినడానికి కాకుండా, పట్టి వదిలేయడానికి చేప మూతికి ముల్లు గుచ్చడం ఏం న్యాయం? ఔ సాబుల్‌లో హోలీ వాటర్స్ అని పేరుపడ్డ భాగంలో ఫ్లైలు తప్ప మరేవీ వాడకూడదు, పట్టిన చేపను చంపకూడదు. ఇది దయ అని అక్కడివాళ్ళు అనుకుంటారు. జర్మనీలో జంతు సంక్షేమ చట్టం దీన్ని సరిగ్గా తలకిందులుగా చూస్తుంది: తినే ఉద్దేశం లేకుండా సరదా కోసం పట్టి వదలడమే అక్కడ తప్పు. మిషిగన్‌లో 1884లో మొదట వదిలిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఆ జర్మనీ నుంచే వచ్చాయి! 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ ముఖం మీద నొప్పిని పసిగట్టే నాడులున్నాయని, పెదవికి ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు పెదాల్ని గులకరాళ్ళకేసి రుద్దుకుంటాయని చూపించింది. కాబట్టి చేపకు ఏమీ తెలియదనే పాత మాట ఇక చెల్లదు. ఎర మింగిన చేపకు ముల్లు కడుపు దాకా దిగుతుంది, ఫ్లై సాధారణంగా పెదవికే తగులుకుంటుంది కాబట్టి వదిలాక చచ్చేవి చాలా తక్కువ. తక్కువే గానీ సున్నా కాదు. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే ఆ లెక్క మారిపోతుంది. అందుకే మోంటానాలో వరసగా మూడు రోజులు నీటి వేడి 73 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే దాదాపు 23 సెల్సియస్‌కు చేరితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట ఆపించే నియమం ఉంది. ఈ అభ్యంతరానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. నది బతకడానికి కొన్ని చేపలు బాధ పడుతున్నాయి, ఆ బేరాన్ని బేరంగానే ఒప్పుకోవాలి. ఎన్ని పట్టామో లెక్కపెట్టుకుని పందేలు వేసుకునే జట్టుకైతే ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేను.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట అన్నది మరో మాట. ఇంగ్లండులో టెస్ట్ నది మీద 1822 నుంచి ఉన్న హౌటన్ క్లబ్ లాంటి చోట్లకు ఇది అచ్చంగా వర్తిస్తుంది. అక్కడి నీళ్ళు కొద్దిమంది సభ్యులవి. మిషిగన్‌లో మాత్రం 1926లోనే ఆ పేచీ తేలింది. పైన్ నదిలో దిగి ట్రౌట్ పడుతున్న గెర్‌హార్ట్ అనే మనిషి మీద స్థలం యజమాని కేసు వేస్తే, పడవలు, దుంగలు సాగగల నదిలో దిగి చేపలు పట్టే హక్కు అందరిదీ అని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. డెట్రాయిట్ చుట్టుపక్కల నొవై, ట్రాయ్, కాంటన్‌లలో ఉన్న వేలాది తెలుగు కుటుంబాలకు ఔ సాబుల్ కారులో మూడు నాలుగు గంటల దూరం. కావలసింది ఒక లైసెన్సు. వేసవిలో నాలుగు కుటుంబాలు కలిసి ఉత్తరాదికి వెళ్ళడం మనవాళ్ళకు కొత్త కాదు. కాకపోతే ఈ ఏడు ఒక చోటు, వచ్చే ఏడు మరో చోటు, చూసిందే మళ్ళీ చూడ్డం దండగ అన్నది మన లెక్క. గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే పులస కోసం వేలు పోసే మనం ఆ నది ఎలా ఉందో చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్తాం? ఏటా అక్కడికి వెళ్ళేది జాలరి ఒక్కడే, అతని మాట వినేవాళ్ళు తక్కువ.

చివరిది, ట్రౌట్ అక్కడి చేపే కాదన్నది. నిజమే, వీళ్ళు కాపాడుతున్నది పరాయి చేపను, అదీ స్థానిక చేప పోవడానికి తన వంతు సాయం చేసిన చేపను. 2016లో మిషిగన్ ప్రభుత్వం లిటిల్ రివర్ బ్యాండ్ ఆఫ్ ఒట్టావా అనే ఆదివాసీ తెగతో కలిసి గ్రేలింగ్‌ను వెనక్కి తెచ్చే ప్రయత్నం మొదలుపెట్టింది. ముందుగా ఎంచుకున్నది ఔ సాబుల్‌ను కాదు, దాని పడమటి పొరుగు మానిస్టీ నదిని. గ్రేలింగ్ పిల్లలు నిలదొక్కుకోవాలంటే బ్రౌన్ ట్రౌట్ పలచగా ఉండే నీళ్ళు కావాలి, ఔ సాబుల్ నిండా బ్రౌన్ ట్రౌటే. రేపెప్పుడైనా దక్షిణ పాయలోనో, దానిలో కలిసే ఏ చిన్న వాగులోనో ట్రౌట్‌ను తీసేసి గ్రేలింగ్‌ను వదులుదామంటే, జూన్ ఆఖర్లో ఆ ఒడ్డున దిగే జట్లు తమ చేపను వదులుకుంటాయా? నది కోసమే వస్తున్నామన్న వాళ్ళ మాట అసలైన పరీక్షకు నిలబడేది అప్పుడే. నా పందెం మాత్రం వాళ్ళలో సగం మంది మీదే.