మేడారం తొవ్వలో ట్రాలీ పడక

బిడ్డా, కారు మీద బిగించే గుడారానికి నువ్వూ నీ దోస్తులూ ధరలు చూస్తున్నారని మీ నాయనమ్మ చెప్పింది. వేలకు వేలు పోసే ముందు నా మాట ఒకటి వినండి. బండినే ఇల్లు చేసుకుని అడవిలో రాత్రులు గడపడం మన వరంగల్ జనానికి తాతల కాలం నుంచీ ఉన్న విద్య.

రెండేళ్లకోసారి మాఘశుద్ధ పౌర్ణమికి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. మన ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో, తాడ్వాయి అడవి నడుమ లక్షల మంది దిగుతారు. అంతమందికి గదులెక్కడివి? వెనకట గూడు కట్టిన కచ్చురం ఎడ్లబండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు, డీసీఎంలు, ఆటోలు. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెలకు వస్తారు. శుక్రవారం మొక్కులు చెల్లించి, శనివారం తల్లుల వనప్రవేశం అయ్యేదాకా బండిలోనే వంటసామాను, బండిలోనే పడక.

ఆ పడకలో మొదటి వస్తువు వరిగడ్డి. ట్రాక్టర్ ట్రాలీ అడుగున జానెడు మందాన పరుస్తారు. మెత్తగా ఉంటుందని పరుస్తారనుకుంటావు గానీ అసలు పని వేరే. స్టీలు గ్లాసులో వేడి చాయ్ పోస్తే వేళ్లు కాలతాయి కదా, అట్లనే ట్రాలీ రేకు నీ వీపు వేడిని గుంజుకుని డబ్బా అంతటా పరిచేస్తుంది. కదలకుండా ఉన్న గాలితో పోలిస్తే ఇనుము వేల రెట్లు ఎక్కువగా వేడిని మోస్తుంది. గడ్డి చేసే పని ఆ గాలిని పట్టి ఉంచడమే. గడ్డి పోచ బోలుగా ఉంటుంది, పోచకూ పోచకూ నడుమ మళ్లీ గాలి. చెద్దరు కింద పరిస్తే నీ బరువుకు అణగి అందులో గాలి పోతుంది. అందుకే రెండు చెద్దర్లు కప్పుకున్నవాడు కింద ఏమీ లేక వణుకుతాడు, గడ్డి మీద పడుకున్నవాడు ఒక్క చెద్దరుతో నిద్రపోతాడు. గడ్డి మీద గోనెసంచులు, వాటి మీద మన కొత్తవాడ జంపఖానా. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ గట్టి నేతకు గడ్డి గుచ్చుకోదు.

ఇక రెండో వస్తువు పైన పరదా. వాన లేనప్పుడు పరదా ఎందుకని అడుగుతావు. పౌర్ణమి రోజు వెన్నెల వల్లే చలి పెడుతుందని మన పెద్దవాళ్లు అనేవాళ్లు. పాపం చంద్రుడికి అందులో ఏ పాత్రా లేదు. ప్రతి వస్తువూ వేడిని కిరణాలుగా వదులుతూనే ఉంటుంది, నీ ఒళ్లు కూడా. మబ్బుంటే అందులో కొంత తిరిగి కిందికి పంపుతుంది. మబ్బులేని మాఘం రాత్రి ఆకాశం తిరిగి ఇచ్చేది తక్కువ. అది మన చుట్టూ ఉన్న గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు చల్లగా ఉన్న పైకప్పులాగే పనిచేస్తుంది. ఆరుబయట పడుకున్నవాడి చెద్దరు మీద పొద్దుటికి మంచు కురిసినట్టు తడి ఉండేది అందుకే.

దీనికి మన దేశంలోనే గొప్ప సాక్ష్యం ఉంది. అలహాబాద్ దగ్గర చలికాలంలో మంచుగడ్డలు తయారుచేసే తీరును 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సేనాధికారి లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. గుంట తవ్వి, అడుగున ఎండిన చెరకు గడలో మొక్కజొన్న కట్టెలో దట్టంగా పరిచి, వాటి మీద పలుచటి మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఆకాశం కింద వదిలేసేవాళ్లు. గాలి అంత చల్లగా లేకున్నా తెల్లారేసరికి నీళ్లు గడ్డకట్టేవి. నేల వేడి పైకి రాకుండా కట్టె అడ్డం, నీళ్ల వేడి పైకి పోవడానికి ఆకాశం. ఆ పనివాళ్ల తెలివికి నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. వాళ్లకు చల్లదనం కావాలి, పైన తెరిచారు. మనకు వెచ్చదనం కావాలి, పైన మూస్తాం. అడుగున ఎండు పరుపు మాత్రం ఇద్దరికీ ఒకటే.

పరదా కట్టే తీరు చెబుతా. వెదురు బద్దలను విల్లులా వంచి ట్రాలీ రెండు పక్కల రేకులకు కట్టాలి, కచ్చురం గూడు లాగే. వాటి మీద టార్పాలిన్ లాగి తాళ్లు బిగించాలి. లోపల, పరదాకు బెత్తెడు కిందుగా ఒక పాత నూలు చీర కట్టండి. పరదా ఆకాశాన్ని చూసి చల్లబడుతుంది, మీ ఊపిరిలోని తడి దానికి తగిలి నీటి బొట్లవుతుంది. చీర లేకపోతే ఆ బొట్లు మీ మొహాల మీదే. చీర ఉంటే బొట్లను పీల్చుకుంటుంది, నడుమ గాలి పొర మరో దుప్పటి అవుతుంది. ముందూ వెనకా కొంచెం తెరిచే ఉంచాలి, తడి బయటికి పోవాలి కదా. మా కురుమ దోస్తులు నేసిన నల్ల గొంగడి దొరికితే కప్పుకోండి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తడిని పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు.

ఇప్పుడు చెప్పేది గట్టిగా గుర్తుపెట్టుకో. ఎంత చలైనా పరదా లోపలికి బొగ్గుల కుంపటి తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. కారు అద్దాలన్నీ ఎత్తి ఇంజిన్ ఆన్ చేసి పడుకోవడంలోనూ ఇదే ప్రమాదం. ఎండుగడ్డి పక్కన బీడీ అగ్గి సంగతి నేను చెప్పక్కర్లేదు.

రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టర్ నుంచి విప్పి పడుకోవద్దు. నలుగురు ఒక్కసారే వెనక అంచుకు జరిగితే ముందు కొక్కెం పైకి లేచి డబ్బా తిరగబడుతుంది. విప్పక తప్పకపోతే ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేయాలి.

కారు మీది గుడారానికే పోతామంటారా, కారు పైకప్పు ఎంత మోస్తుందో దాంతోపాటు ఇచ్చే పుస్తకంలో చూడండి. చిన్న కార్లకు చాలావరకు 50, 75 కిలోల లోపే. అది నడిచేటప్పటి లెక్క, ఆగి ఉన్నప్పుడు పైకప్పు ఇంకా ఎక్కువే ఆపుతుంది. అయినా ఇద్దరు మనుషుల బరువు నడిమి రేకు మీద పడితే సొట్ట ఖాయం. నన్నడిగితే సీట్లు మడిచి లోపలే పడుకోండి, అద్దాలు రెండువేళ్ల సందు దించి.

పడక ఎక్కడ వేసినా పరదా మాత్రం పొద్దు గూకకముందే కట్టండి. సూర్యుడు దిగాక రేకుకు ఎండ వేడి అందదు, ఆకాశానికి వేడి వదలడం మాత్రం ఆగదు. గడ్డి మనింట్లో ఉంది, వెదురుకు మీ నాయనను అడుగు.