బొమ్మ ఉంది, తలుపే పట్టదు

చింతామణి దాటి ఎటు పోవాలన్నా ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తాను. పొద్దున కాఫీ మానేస్తాను. మధ్యాహ్నం ఎవరైనా మజ్జిగ ఇస్తే మొహమాటానికి పెదవి తడుపుకొని గ్లాసు పక్కన పెడతాను. చక్రాల కుర్చీలో ఉండే ఆడవాళ్లు, నాకు తెలిసినవాళ్లంతా, ఇదే పని చేస్తారు. ఇంటి గడప దాటితే ఒంటికి పోయే చోటు దొరకదు మరి.

మాది కర్ణాటకలో, చింతామణి దగ్గరి కైవారం పక్కన పల్లె. గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగిన యోగి నారేయణ తాతయ్య సీమ. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. మిద్దె మీద ఎండబోసిన రాగులు ఎత్తుకొని దిగుతుంటే నిచ్చెన జారింది, వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. ఇప్పుడు చేత్తో నడిపేలా మార్పించుకొన్న మోటారు మిషన్ మీద జాకెట్లు కుడుతున్నాను. లైనింగు గుడ్డకు చింతామణి పోవాలి, ఆస్పత్రికి బెంగళూరు పోవాలి. కైవారం తేరుకు, గురుపౌర్ణమి సంగీతోత్సవానికి పోవాలని కూడా ఉంటుంది. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

నీళ్లు మానేస్తే ఏమవుతుందో డాక్టర్లు మాకు మొదట్లోనే చెబుతారు. వెన్ను దెబ్బతిన్న చాలామందికి మూత్రసంచి నిండిందన్న కబురు మెదడుకు అందదు. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి సన్నటి పైపు పెట్టి ఖాళీ చేసుకోవాలి. దానికి చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు, కాస్త వెలుతురు, సామాను పెట్టుకోవడానికి శుభ్రమైన చోటు కావాలి. ఆలస్యమైతే, తాగే నీళ్లు తగ్గితే, క్రిములు చేరతాయి, చలిజ్వరం వస్తుంది, ముదిరితే కిడ్నీల దాకా పోతుంది. ఛాతీకి పైభాగంలో వెన్ను దెబ్బతిన్నవాళ్లకైతే సంచి నిండిపోయినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకి ప్రాణం మీదికే రావచ్చు. మా బాధంతా మర్యాద గురించేనని అనుకొనేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

అలాగని బోర్డులకు కొదవ లేదు. చక్రాల కుర్చీ బొమ్మ వేసిన నీలం బోర్డు ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తుంది. ఒక చోట బోర్డు కింద మూడు మెట్లు. ఇంకో చోట మెట్లు లేవు గానీ తలుపు రెండడుగుల చిల్లర, నా కుర్చీ వెడల్పు ఇరవయ్యారు అంగుళాలు. ఒక ఆఫీసులో తలుపు వెడల్పే, లోపల చీపుర్లు, బ్లీచింగ్ మూటలు, విరిగిన కుర్చీలు. తాళం వేసి ఉన్నవాటికైతే లెక్కే లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ మనిషి ఎప్పుడూ భోజనానికే పోయుంటాడు! ఇంగ్లండులోనూ ఇలాంటి గదులకు తాళాలు వేస్తారు. కాకపోతే అక్కడ 1981 నుంచి దేశమంతటికీ ఒకే రకం తాళం పెట్టి, అవసరమున్నవాళ్ల చేతికే తాళంచెవి ఇచ్చే పద్ధతి నడుస్తోంది. వేల గదులు ఆ ఒక్క చెవితో తెరుచుకొంటాయి.

కుర్చీ లోపలికి దూరినంత మాత్రాన పని అయిపోదు. కమోడు పక్కకు కుర్చీని ఏటవాలుగా చేర్చి బ్రేకు వేయాలి. పక్క చెయ్యి తీసేయాలి. గోడ కమ్మీ ఒక చేత్తో, కుర్చీ అంచు ఇంకో చేత్తో పట్టుకొని, ఒళ్లంతా భుజాల మీద లేపి పక్కకు జరపాలి. రెండు సీట్లూ ఒకే ఎత్తులో ఉంటేనే అది కుదురుతుంది. కమోడు నాలుగంగుళాలు కిందికుంటే దిగడం దిగుతాను, తిరిగి ఎక్కలేను. కమ్మీ ఎడమవైపుండి కుర్చీకి చోటు కూడా ఎడమవైపే ఉంటే ఆ కమ్మీ టవలు ఆరేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నేల తడిగా ఉంటే చక్రం జారుతుంది. తలుపు లోపలికి తెరుచుకొనేదైతే, కుర్చీ లోపలున్నాక మూయడానికి రాదు. మా ఆయన బయట తువ్వాలు అడ్డం పట్టుకొని నిలబడాలి.

ఆయన సంగతి వచ్చింది గనక చెబుతాను. నన్ను ఎత్తి కూర్చోబెట్టే మనిషి ఆయనే. ఆడవాళ్ల వైపు ఆయన్ను రానివ్వరు, అది న్యాయమే. మగవాళ్ల వైపు నేను పోలేను. పెద్ద గది కట్టినా దాన్ని ఆడవాళ్ల వరస చివర్లో పెడితే మాలాంటివాళ్లకు అది లేనట్టే. భార్యను మోసే భర్తకు, కొడుకును మోసే తల్లికి పనికొచ్చేలా, బయటనుంచి నేరుగా పోయే విడి గది కావాలి.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టాల్సిన కొలతలు కావు. కేంద్రం 2021లో వెలువరించిన మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. తలుపు 90 సెంటీమీటర్లు, బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకు జరగాలి. సీటు ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు. ర్యాంపు ఒకటికి పన్నెండు, అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల వాలు. కిందపడినా అందేలా నేలకు అడుగు ఎత్తులో అలారం తాడు.

చట్టమూ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఈ నియమాలు పాటించని కట్టడానికి పూర్తయినట్టు సర్టిఫికెట్టు ఇవ్వకూడదు. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి. ప్రజలు వాడే పాత కట్టడాలను సరిచేయడానికి అక్కణ్నుంచి ఐదేళ్ల గడువు, అది 2022లోనే దాటిపోయింది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పిచ్చింది. ప్రమాణాలను సలహాల్లా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి నియమాలు వేరుగా రాయండి, మూడు నెలల్లో, అంది. 2025 జనవరిలో అదే కోర్టు, కోర్టు ఆవరణలన్నింటిలో ఆడ, మగవాళ్లతో పాటు వికలాంగులకూ, ట్రాన్స్‌జెండర్లకూ విడిగా మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. న్యాయం అడగడానికి పోయిన చోటే ఒంటికి పోయే దారి లేకపోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో మరుగుదొడ్డి మార్పించినప్పుడు మేస్త్రికి కొలతల కాగితం ఇచ్చాను. ఆయన జేబులో పెట్టుకొన్నాడు, తీయలేదు. గోడ లేచాక చూస్తే తలుపు పాత కొలతే. ఏమీ అనకుండా నా కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టి, కాళ్లు కదపకుండా లోపలికి పొమ్మన్నాను. రెండు వేళ్లు తలుపు చట్రానికీ చక్రానికీ మధ్య నలిగాయి. "అయ్యో అక్కా, ఇట్లుంటుందని ఎట్ల తెల్స్తుంది" అన్నాడు. మర్నాడే ఆ గోడ కొట్టేసి జారుడు తలుపు పెట్టాడు. కమ్మీకి స్టీలు వద్దు, నీళ్లగొట్టం పైపే వంచి గోడలో లోతుగా దించుదామన్న ఆలోచన ఆయనదే. ఇప్పటికీ కదల్లేదది.

కాబట్టి డబ్బు లేదనే మాట నేను నమ్మను. వెడల్పు తలుపుకు కొత్తగా కట్టేటప్పుడయ్యే అదనపు ఖర్చు ఎంతని? కట్టాక పగలగొట్టడానికే బోలెడు. కర్ణాటకలో గ్రామపంచాయతీలు సొంత రాబడిలో నూటికి ఐదు వికలాంగుల కోసం పెట్టాలి. లేనిదల్లా కుర్చీలో కూర్చొని చూసే మనిషి. ఇంజనీరు టేపు పట్టుకొని వస్తాడు, నిలబడి కొలుస్తాడు, కమోడు ఉందా, కమ్మీ ఉందా, బోర్డు ఉందా అని టిక్కులు కొట్టుకొని పోతాడు.

మా పక్కన ఒక కొత్త మరుగుదొడ్ల వరసకు పునాది తీస్తున్నారని తెలిసి కొలతలు కన్నడంలో రాసి పట్టుకెళ్లాను. అక్కడున్నాయన కాగితం చదివి, "అన్నీ ప్లానులోనే ఉన్నాయమ్మా" అన్నాడు. ఉంటే సంతోషమే. కంట్రాక్టరుకు ఆఖరి బిల్లు రాసే ముందు నన్నొకసారి పిలిపించమన్నాను. తలుపు దాటి, కుర్చీ తిప్పి, కమోడు ఎక్కి దిగి చూపిస్తాను. ఆటో ఖర్చు కూడా నాదేనని చెప్పి వచ్చాను.