తుక్కు దుకాణం దాకా చేరాల్సిన ప్రణాళిక

1987 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో ఒక భౌతిక శాస్త్రవేత్త రేడియేషన్ మీటరు పట్టుకుని ఆరోగ్య శాఖ కార్యాలయానికి బయల్దేరాడు. ముందురోజు ఎవరో అక్కడ ఒక సంచి పెట్టి వెళ్లారు, అందులో ఏముందో చూడమని ఆయన్ని కోరారు. యురేనియం నిక్షేపాలు వెతికే ప్రభుత్వ సంస్థ దగ్గర ఎరువు తెచ్చుకున్న మీటరది. కార్యాలయం ఇంకా దూరం ఉండగానే స్విచ్చి వేస్తే ముల్లు ఒక్కసారిగా చివరిదాకా వెళ్లి నిలబడిపోయింది. ఎటు తిప్పినా అంతే. మీటరు చెడిపోయిందనుకుని వెనక్కి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు. అదీ అదే చూపించింది. ఈలోగా అగ్నిమాపక సిబ్బంది వచ్చి, ఆ సంచిని తీసుకెళ్లి నదిలో పారేయబోతున్నారు. ఆయన ఎలాగో బతిమాలి ఆపగలిగాడు.

సంచిలో ఉన్నది సీసియం-137 మిగులు. కథ అంతకు 16 రోజుల ముందే మొదలైంది. మూతపడిన ఒక క్యాన్సర్ క్లినిక్‌లో వదిలేసిన చికిత్సా యంత్రం నుంచి ఇద్దరు మనుషులు బరువైన లోహపు భాగాన్ని ఊడదీసి, తుక్కు కింద అమ్ముకుందామని ఇంటికి తెచ్చారు. వెంటనే వాంతులు మొదలయ్యాయి. తిన్నది పడలేదేమో అనుకున్నారు. ఒకడికి చెయ్యి వాచింది, ఆహారం పడక వచ్చిందని వైద్యుడూ అన్నాడు. ఆ భాగం తుక్కు వ్యాపారి చేతికి చేరింది. రాత్రిపూట అందులోంచి నీలి వెలుగు రావడం చూసి అతను అబ్బురపడి బంధువులనీ ఇరుగుపొరుగునీ పిలిచి చూపించాడు. బియ్యపు గింజంత ముక్కలు పంచిపెట్టాడు. కొందరు ఆ పొడిని ఒంటికి పూసుకున్నారు. ఇంట్లో ఒక్కొక్కరే మంచాన పడుతుంటే వ్యాపారి భార్యకు అనుమానం వచ్చింది. మిగిలిన దాన్ని సంచిలో వేసుకుని, బస్సెక్కి, ఆరోగ్య శాఖ కార్యాలయంలో డాక్టరు ముందు పెట్టింది. తన వాళ్లని చంపుతున్నది ఇదేనని చెప్పింది. చదువుకున్న వాళ్లెవరికీ తట్టని సంగతి ఆమెకే తట్టింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే చనిపోయిన నలుగురిలో ఆమె ఒకరు. ఆరేళ్ల పాప మరొకరు. ఆ పొడి అంటిన చేతులతోనే ఆ పాప అన్నం తింది.

రేడియోధార్మిక పదార్థాల ప్రమాదం అనగానే మనకు అణు విద్యుత్ కేంద్రం గోపురాలు గుర్తొస్తాయి. అక్కడ ప్రణాళికలు ఉంటాయి, ఏటేటా మాక్ డ్రిల్లులు జరుగుతాయి. అంతకంటే ఎక్కువగా మన మధ్య తిరిగేది మాత్రం చిన్న చిన్న రేడియేషన్ మూలాలే. క్యాన్సర్ ఆస్పత్రుల్లో కోబాల్ట్, పైపుల వెల్డింగును ఫొటో తీసే ఇరిడియం, కర్మాగారాల్లో మట్టం కొలిచే సీసియం. వీటికి కాపలా గోడలు లేవు. సంస్థ మూతపడితే, బాధ్యుడు రిటైరైతే, రిజిస్టరు పోతే అవి అనాథలవుతాయి.

అది బ్రెజిల్‌కే పరిమితం కాలేదు. 2010లో మన ఢిల్లీ మాయాపురిలో సరిగ్గా అదే జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో కోబాల్ట్-60 ఉన్న ఒక గామా పరికరం 1985 నుంచి వాడకం లేక మూలన పడి ఉంది. ఆ ఫిబ్రవరిలో పాత సామాను వేలంలో దాన్నీ అమ్మేశారు. మాయాపురి తుక్కు బజారులో కూలీలు సీసపు కవచాన్ని విప్పి, లోపలి కడ్డీలను ముక్కలు చేశారు. వారాలు గడిచాక ఒకరి చర్మం నల్లబడి జుట్టు రాలుతుంటే ఆస్పత్రికి వెళ్లారు. అక్కడి వైద్యులకు అనుమానం వచ్చి, ఏప్రిల్ మొదటి వారంలో అణుశక్తి నియంత్రణ మండలికి కబురు పంపారు. వెంటనే నిపుణులు మీటర్లతో దిగి దుకాణాలన్నీ జల్లెడ పట్టారు. ఏడుగురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, అంటే అంత కాలానికి దాని బలం సగమవుతుంది. పాతికేళ్లు మూలన పడి ఉన్నందుకు ఆ పరికరం బలం దాదాపు ఇరవై ఏడో వంతుకు తగ్గి ఉండాలి. ఆ మిగిలిన వంతే ఒక ప్రాణం తీసింది. ‘పాతదే కదా, సత్తువ ఏముంటుంది’ అన్న ధీమా ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ రెండు చోట్లా నష్టమంతా ప్రమాదం జరగడానికీ, అది రేడియేషన్ అని ఎవరో ఒకరు గుర్తించడానికీ మధ్యనే జరిగింది. గుర్తించాక శాస్త్రం తన పని తాను చేసింది. కాబట్టి అత్యవసర ప్రణాళిక ఎంత మంచిదో తేల్చడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఆ మధ్యకాలాన్ని అది ఎన్ని రోజులు తగ్గిస్తుంది?

గుర్తించడం కష్టమే. ఒంటికి ఎక్కువ మోతాదు తగిలితే కొన్ని గంటల్లో వాంతులు మొదలవుతాయి. ఎంత త్వరగా మొదలైతే మోతాదు అంత ఎక్కువ. మొదటి రెండు గంటల్లోనే వచ్చాయంటే పరిస్థితి తీవ్రమైనదని వైద్యులు లెక్క వేస్తారు. ఆ తర్వాత మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. ఈ తేరుకోవడమే మోసం. లోపల రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాలు పడిపోతూ ఉంటాయి. రెండు మూడు వారాలకు జుట్టు రాలడం, కాలకుండానే కాలినట్టు పుండ్లు. మామూలు ఔట్‌పేషెంట్ విభాగంలో ఒక్క వాంతి రోగిని చూసి ఎవరూ రేడియేషన్ అనుకోరు, అనుకోవాలనీ లేదు. ఒకే ఇంట్లో, ఒకే దుకాణంలో ముగ్గురు నలుగురికి ఇవే లక్షణాలు కనిపించినప్పుడు మాత్రం ‘ఏం పని చేస్తుంటారు? ఈమధ్య ఏమన్నా బరువైన సామాను విప్పారా?’ అని అడగాలి. రోజుల తేడాతో తీసిన రెండు రక్తపరీక్షలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ జిల్లా ఆస్పత్రిలోనైనా అయ్యే పనే ఇది.

గుర్తించాక మొదట వెళ్లేది శాస్త్రవేత్తలు కారు, కానిస్టేబులూ అగ్నిమాపక సిబ్బందీ అంబులెన్సు వాళ్లూను. వాళ్లకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇచ్చిన సూచనలు చాలా సరళమైనవి. కవచం ఊడిన, పాడైన రేడియేషన్ మూలం చుట్టూ కనీసం 30 మీటర్లు ఖాళీ చేయించాలి. చేత్తో ముట్టుకోకూడదు. దూరం పదిరెట్లయితే తీవ్రత నూరో వంతుకు పడిపోతుంది కాబట్టి, మీటరు లేకపోయినా వెనక్కి జరగడమే పెద్ద రక్షణ. గాయపడ్డ వాళ్లను కాపాడటం మాత్రం వాయిదా వేయకూడదు. కోబాల్ట్ కిరణాలు తగిలిన మనిషి నుంచి ఇంకొకరికి రేడియేషన్ అంటదు, ఎక్స్‌రే తీయించుకున్నవాడు ఎవరికీ ఎక్స్‌రే అంటించనట్టే. పొడి ఒంటికో బట్టలకో అంటితే సంగతి వేరు. అప్పుడైనా పై బట్టలు తీసి సంచిలో కట్టేస్తే అందులో చాలా భాగం పోతుంది. మిగతాది గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో, గట్టిగా రుద్దకుండా కడిగితే సరి. ఈ తేడా తెలియక ఆస్పత్రి సిబ్బంది రోగి దగ్గరికి రాకుండా ఉండిపోతే అంతకంటే అన్యాయం లేదు. ఇలాంటప్పుడు జనం ఎగబడే అయోడిన్ మాత్రల గురించి ఒక మాట: అవి రియాక్టరు నుంచి వెలువడే రేడియో అయోడిన్‌కే పనిచేస్తాయి. కోబాల్ట్‌కీ సీసియంకీ వాటితో పనిలేదు. సీసియం ఒంట్లోకి పోతే వాడేది ప్రష్యన్ బ్లూ అనే మందు. గొయానియాలో ఇచ్చింది అదే.

మన దేశంలో కాగితం మీద ఏర్పాట్లు తక్కువేమీ లేవు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. అణుశక్తి విభాగానికి అత్యవసర స్పందన కేంద్రాలు ఉన్నాయి, ఎన్డీఆర్ఎఫ్ దళాలకు శిక్షణ ఉంది. రేడియేషన్ కొలిచే పరికరాలు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లోనే తయారవుతున్నాయి. మాయాపురి ఘటన జరిగింది ఆ మార్గదర్శకాలు వచ్చిన మరుసటి ఏడే అన్నది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఆ పుస్తకంలోని ఒక్క ముక్క కూడా పరికరాన్ని విప్పిన కూలీ దాకా చేరలేదు. పసుపు మీద మూడు రెక్కల గుర్తు చూసి అది ప్రమాదమని అతనికి ఎవరు చెప్పారు? ఆ గుర్తు సామాన్యుడికి ఏమీ చెప్పదని తెలిసే, 2007లో ఎర్రటి రంగులో పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మతో కొత్త గుర్తు తెచ్చారు. దాన్ని అతికించేది యంత్రం బయట కాదు, లోపల. విప్పబోయేవాడికి కనబడాలని. పాత యంత్రాల్లో మాత్రం అది ఉండదు.

ఇంకో విషయం ప్రణాళికల్లో తరచూ చోటు దొరకనిది, భయపడ్డ జనం. గొయానియాలో ఒలింపిక్ స్టేడియం తెరిచి దాదాపు 1,12,000 మందిని మీటర్లతో పరీక్షించారు. వాళ్లలో ఒంటికి పదార్థం అంటినట్టు తేలింది 249 మందికే. మిగతా వాళ్లందరికీ ‘నీకేం కాలేదు’ అని ఒక మనిషి ఎదురుగా నిలబడి, మీటరు చూపించి చెప్పాల్సి వచ్చింది. మన జిల్లా విపత్తు ప్రణాళికలో ఆ మైదానం ఏదో, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, బట్టలు విప్పించాక కట్టుకోవడానికి ఏమిస్తారో, ఆడవాళ్లకు మరుగు ఎలాగో, తెలుగులో మాట్లాడి ధైర్యం చెప్పేవాళ్లు ఎందరో ముందే రాసి ఉండాలి. పక్కనే ఆటోనగర్లలోని తుక్కు దుకాణాల జాబితా, వాటి యజమానులకు ఏడాదికొకసారైనా ఆ రెండు గుర్తులూ చూపించిన తేదీ కూడా ఉండాలి.