పెంగ్విన్‌లకూ పిడుదులు పడతాయి

పశువుల చెవుల్లో, పొదుగు మీద పిడుదులను పల్లెల్లో చూడనివారుండరు. మరి పెంగ్విన్‌లకూ పిడుదులు పడతాయని తెలుసా? ఇక్సోడిస్ యూరియే అనే జాతి అటు ఆర్కిటిక్ దీవుల్లోనూ, ఇటు అంటార్కిటికా తీరంలోనూ ఉంది. యాభైకి పైగా సముద్రపక్షి జాతుల రక్తం తాగి బతుకుతుంది.

ఆడపిడుదు జన్మంతా కలిపి తినేది మూడు పూటలే. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, నడిమి దశలో ఒకసారి, గుడ్లు పెట్టే ముందు ఒకసారి. ఒక్కో పూట కొన్ని రోజులు సాగుతుంది. మగది పెద్దయ్యాక రక్తమే ముట్టదు. మిగిలిన కాలమంతా, అంటే ఏళ్ల తరబడి, వాటి కాపురం గూళ్ల చుట్టూ ఉన్న రాతి సందుల్లోనే. అందుకే పిడుదుల సర్వేకు వెళ్లినవాళ్లు పక్షిపిల్లల ఒళ్లు వెతికి ఊరుకోరు. రాళ్లు ఎత్తి చూస్తారు, గూటి చెత్తంతా కెలుకుతారు. ఎముకలు కొరికే చలిగాలిలో, రెట్టల కంపులో మోకాళ్ల మీద కూర్చుని చేసే ఈ పనికి దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

ఆ కష్టానికి ఫలితం చూడండి. లైమ్ వ్యాధిని కలిగించే బొరేలియా బ్యాక్టీరియా కోసం స్వీడన్ శాస్త్రవేత్త బ్యోర్న్ ఒల్సెన్ బృందం ఈ పిడుదులను పరీక్షించింది. భూమధ్యరేఖకు ఉత్తరాన దొరికిన పిడుదుల్లోనూ, దక్షిణాన దొరికినవాటిలోనూ ఒకే జన్యు వరుస కనిపించిందని 1995లో ప్రకటించింది. పక్షుల వెంట ఆ బ్యాక్టీరియా ఒక అర్ధగోళం నుంచి మరోదానికి ప్రయాణిస్తోందన్నమాట!

ఇంకో వింత. ఒకే దీవిలో ఇరుగుపొరుగున గూళ్లు కట్టినా పఫిన్ పక్షుల పిడుదులు వేరు, కిట్టివేక్ పక్షుల పిడుదులు వేరు. పైకి ఒకే జాతి. జన్యువులు చూస్తే మాత్రం రెండు వంశాలుగా విడిపోతున్నాయి.

పసిఫిక్ దీవుల్లో స్మిత్సోనియన్ సంస్థ 1963లో భారీ సర్వే మొదలుపెట్టింది. సుమారు 18 లక్షల పక్షుల కాళ్లకు రింగులు తొడిగారు. పిడుదులనూ సేకరించారు. ఖర్చు భరించింది అమెరికా సైన్యం! అది తెలిశాక విమర్శలు రావడం సహజమే. అయినా ఆ దీవుల పక్షుల గురించి నేటికీ ఆధారపడదగిన సమాచారంలో చాలా భాగం ఆ సర్వేదే.

ఉష్ణమండల దీవుల్లో ఉండే మెత్తటి పిడుదుల తీరు వేరు. పగలంతా దాక్కుని, రాత్రి కాసేపు రక్తం తాగి మళ్లీ నక్కుతాయి. 1970లలో సీషెల్స్‌లోని బర్డ్ ఐలాండ్‌లో సూటీ టెర్న్ పక్షులు తమ స్థావరంలోని ఒక భాగంలో గుడ్లనూ పిల్లలనూ వదిలేసి వెళ్లిపోయాయి. క్రిస్ ఫేర్ అనే పక్షిశాస్త్రవేత్త పరిశీలిస్తే, ఖాళీ అయిన ఆ భాగమంతా పిడుదులే. వాటిలో సోల్డాడో వైరస్ ఉంది. ఆ వైరస్ మొదట బయటపడింది అక్కడికి ఎంతో దూరాన, ట్రినిడాడ్ పక్కనున్న సోల్డాడో అనే రాతిదీవిలో! గూళ్లు ఖాళీ అయితే చేపలు తగ్గాయనో మనుషులు బెదరగొట్టారనో అనుకుంటాం. రాళ్ల కింద చూడాలని ఎవరికి తడుతుంది?

దక్షిణ హిందూ మహాసముద్రంలోని క్రోజె దీవుల్లో పిడుదులు విపరీతంగా పట్టి, గుడ్లు పొదిగే కింగ్ పెంగ్విన్‌లు చనిపోయి ఉండవచ్చని 1998లో నమోదైంది. అంత పెద్ద పక్షులే!