క్షయ: క్రిమి, మనసు, ఇల్లు

క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించారు. వంశదోషమనీ, పాపఫలమనీ తలచిన జబ్బుకు ఆనాటితో ఒక స్పష్టమైన కారణం దొరికింది. అయితే ఆ క్రిమి దేహంలో ప్రవేశించిన ప్రతివారూ రోగులు కారు. ప్రవేశించినవారిలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యాధి బయటపడుతుంది. తక్కినవారిలో దేహం దానిని అణచి ఉంచుతుంది. ఒకే గదిలో పడుకునే నలుగురిలో ఒకరికే ఎందుకు వచ్చింది? అదే మందు వాడిన ఇద్దరిలో ఒకరు కోలుకోగా మరొకరు ఎందుకు కోలుకోలేదు? ఈ ప్రశ్నలకు క్రిమి ఒక్కటే సమాధానం కాజాలదు.

రోగాన్ని దేహానికి మాత్రమే పరిమితం చేయక, మనసునూ సమాజాన్నీ కలిపి చూడాలని అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో ప్రతిపాదించారు. దిగులుతో మనిషి చిక్కిపోతాడని ఎరిగిన మన పెద్దలకు ఈ మాట వింతగా తోచదు. ఆ మూడూ ఎలా పెనవేసుకుంటాయో చూడడానికి క్షయకు మించిన ఉదాహరణ అరుదు. అందులోనూ మన చెన్నపట్నానికి ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది.

1956లో ఇక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. చేత్‌పట్‌లోని నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. ఆ రోజులలో క్షయ అంటే శానిటోరియం. నెలల తరబడి పడక, మంచి గాలి, పుష్టికరమైన భోజనం. ఈ కేంద్రంవారు నగరంలోని పేద కుటుంబాలకు చెందిన దాదాపు 200 మంది రోగులను తీసుకొని, సగంమందికి శానిటోరియంలోను, సగంమందికి ఇంటివద్దనే ఉంచి చికిత్స చేశారు. ఇంటివద్ద ఉన్నవారిది ఇరుకు వసతి, చాలీచాలని తిండి. అయినా ఏడాది గడిచేసరికి ఇరువర్గాల ఫలితాలు దాదాపు సమానమని 1959లో వెల్లడించారు. ఇంటిలోనివారికి సోకే ప్రమాదం కూడా చెప్పుకోదగినంతగా పెరగలేదు. క్షయరోగిని కుటుంబం నుంచి వేరుచేయాలన్న నియమం ప్రపంచమంతటా సడలడానికి ఈ అధ్యయనం తోడ్పడింది.

దీనిని బట్టి తిండితో పనిలేదనుకోరాదు. మందు క్రమం తప్పక అందినప్పుడు ఇంటివద్దనైనా నయమవుతుందన్నదే అక్కడ తేలిన విషయం. జబ్బు రాకుండా ఆపడంలో తిండి పాత్ర వేరు. జార్ఖండ్‌లో పదివేలకు పైగా రోగుల కుటుంబసభ్యులపై జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో కొన్ని కుటుంబాలవారికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అందించారు. ఆ కుటుంబాలలో కొత్తగా క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గింది. బియ్యం, పప్పు! రేషన్ కార్డు సొంత ఊరిలో ఉండి, మనిషి మాత్రం ఇక్కడి కట్టడాల పనిలో రేకుల షెడ్డులో ఉన్నప్పుడు ఈ లెక్క ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. మధుమేహం, పొగాకు, మద్యం, హెచ్‌ఐవి కూడా ముప్పును పెంచేవే. కిటికీలేని గదిలో గాలి నిలిచిపోయి క్రిములు ఎక్కువసేపు తేలుతూ ఉంటాయి.

ఇక మనసు సంగతి. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలలోనే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంటికి సత్తువ వస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. బాగైందనుకొని మాత్రలు మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని రకాలుగా మారవచ్చు. మరికొందరు భయంతో మానేస్తారు. రిఫాంపిసిన్ వలన మూత్రం నారింజరంగుకు తిరుగుతుంది; అది హానికరం కాదని ముందే చెప్పకపోతే ఎవరికైనా గుండె జారుతుంది. అన్నిటికంటె పెద్ద భయం నలుగురికీ తెలుస్తుందేమోనన్నది. ఇంటి యజమాని ఖాళీ చేయమంటాడేమో, మేస్త్రీ పనికి రావద్దంటాడేమో, ఆడపిల్లకు సంబంధం తప్పిపోతుందేమో. ఈ శంకలతో మాత్రలు దాచుకొని, ఎవరూ చూడనప్పుడు మింగుతూ, ఒకనాడు మింగడమే మరచిపోతారు. రోగికి కంచం, గ్లాసు వేరుచేయడం వలన ఒరిగేదేమీ లేదు. ఈ జబ్బు గాలిద్వారా వ్యాపిస్తుంది గాని పాత్రలద్వారా కాదు. సరైన చికిత్స మొదలైన కొన్ని వారాలకే ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది.

చికిత్స మధ్యలో ఆపినవారిని వైద్య దస్త్రాలలో చాలాకాలం ‘డిఫాల్టర్’ అనేవారు. తెలుగులోకి తెస్తే అది అప్పు ఎగవేసినవానికి వాడే మాట అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ పదాన్ని విడిచిపెట్టడం సబబైన పని. రోజుకూలి పోగొట్టుకుని ఆస్పత్రి వరుసలో నిలువలేకపోయినవానిని ఎగవేతదారు అనడం న్యాయం కాదు.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం కనిపిస్తే సమీపంలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కళ్లె పరీక్ష, మందులు ఉచితం. చికిత్స సాగినన్నాళ్లు ఆహారం కొరకు నెలకు 1,000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో జమచేసే కేంద్రప్రభుత్వ పథకం ఉన్నది. 2024 నవంబరుకు ముందు అది 500గా ఉండేది. ఖాతా పుస్తకం, ఆధార్ వెంట తీసుకొని వెళితే నమోదు సులభమవుతుంది. దిగులు, నిద్రలేమి వేధిస్తుంటే 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పండుగకో, కోతలకో, ఇంటి పనిమీదో ఊరికి పోవలసివస్తే బయలుదేరేముందే కేంద్రంలో తెలియజేయండి. మీ చికిత్స వివరాలను మీ ఊరికి దగ్గరి ఆస్పత్రికి బదిలీ చేస్తారు. దారిలోకి కావలసిన మాత్రలు కూడా అడిగి తీసుకోండి. సందేహాలకు ఉచిత ఫోన్ సంఖ్య 1800-11-6666.