కల్లు రుచి, వడ్డన, నంజు: కొమరోలు ప్రాంత భోజనం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పానీయాన్ని రుచి చూసే తీరు, వడ్డించే పద్ధతి, ఆహారంతో జతపరిచే విధానం అనే మూడింటికీ ఐరోపా ద్రాక్షాసవ సంప్రదాయం విస్తృతమైన సూత్రాలను ఏర్పరచుకుంది. తెలుగువారి కల్లు సంప్రదాయంలోనూ ఈ మూడూ ఉన్నాయి. అయితే అవి గ్రంథరూపంలో కాక వృత్తివారి మాటలోనూ వాడుకలోనూ నిలిచాయి. వైన్‌కు ద్రాక్ష రకం, పండిన నేల, తయారైన సంవత్సరం ప్రధానమైతే కల్లుకు ప్రధానమైనది వేళ. కుండ చెట్టు దిగి ఎంతసేపైందన్న ఒక్క అంశమే దాని రుచిని, వడ్డనను, నంజును నిర్ణయిస్తుంది. పశ్చిమ ప్రకాశంలోని కొమరోలు ప్రాంతపు కారం, పులుపు గల భోజనాన్ని ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని వివరించడం, దానికి సంబంధించిన పదజాలాన్ని సేకరించవలసిన అవసరాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కల్లు, నీరా, నంజు, వగరు, వడ్డన, కొమరోలు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:

కొమరోలు గిద్దలూరు సమీపంలోని మండలకేంద్రం. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు ఉన్న మెట్టప్రాంతమిది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేవి. దక్షిణాన కడప జిల్లా సరిహద్దు దగ్గరలోనే ఉంది. అందువల్ల పరిపాలనలో చాలాకాలం కోస్తా జిల్లాకు చెందినా ఇక్కడి పళ్ళెం చాలావరకు రాయలసీమ పళ్ళెమే. సంగటి, జొన్నరొట్టె, సజ్జరొట్టె, చెనక్కాయల పొడి, గోంగూర పచ్చడి, ఉలవచారు, పండుగనాడు నాటుకోడి పులుసు ఇందులో ముఖ్యమైనవి. కంబం చెరువు వంటి జలాధారాల కింద వరి పండినా, మెట్టపొలాలవారికి వరి అన్నం నిత్యాహారం కావడం ఇటీవలి తరాల మార్పే.

ఇటువంటి భోజనం పక్కన ఏ పానీయం ఉంచాలన్న ప్రశ్నకు వైన్ పుస్తకాలలోని ‘చేపకు తెలుపు, మాంసానికి ఎరుపు’ అన్న సూత్రం సరిపోదు. ఈ పళ్ళెంలో రుచిని శాసించేది చేపా మాంసమా అన్నది కాదు. మిరప, చింతపండు, నూనె ఎంతెంత ఉన్నాయన్నదే.

2. నంజు: మాట, భావం:

పానీయంతో పాటు కొద్దికొద్దిగా నమిలే పదార్థాన్ని సంస్కృతంలో ఉపదంశం, అవదంశం అన్నారు. తెలుగులో దీనికి ‘నంజు’ ఉంది. నంజుకోవడం అంటే ముద్దకో గుక్కకో తోడుగా మరొక రుచిని కొద్దిగా తగిలించడం. ‘నంజుడు’ అన్న రూపానికి నిఘంటువులలో మాంసమనే అర్థం కూడా ఉంది. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో ప్రకటించిన నిఘంటువు ఈ మాటలను నమోదు చేసింది. తెలంగాణలో కల్లు పక్కన గుడాలు, బోటి పెట్టడం ప్రసిద్ధం. అక్కడి గుడాలే ఇతర ప్రాంతాలలో గుగ్గిళ్ళు. నేటి యువతరం వాడే ‘స్టఫ్’ అన్న మాట ఈ పదాలన్నింటినీ పక్కకు నెట్టింది.

‘నంజు’ అన్న మాటలో ఒక పరిమాణం కూడా ఇమిడి ఉంది. నంజుకునేది ఎప్పుడూ కొంచెమే. కడుపు నింపేది వేరు, నంజు వేరు. వైన్ సంప్రదాయంలో భోజనం, పానీయం సమానస్థాయిలో జతకడతాయి. నంజు సంప్రదాయంలో ఒకటి ముఖ్యం, మరొకటి దానికి తోడు. సంగటికి పచ్చడి నంజు అయినట్లే కల్లుకు గుగ్గిళ్ళు నంజు. ఈ తేడాను గమనించకుండా నంజును వైన్ పరిభాషలోని జోడింపుకు సమానార్థకంగా వాడితే అర్థం చెదురుతుంది.

ఋతువును బట్టి అన్నపానాలను మార్చి వడ్డించే వివేకం తెలుగు కావ్యాలకు కొత్త కాదు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకు వర్షాకాలంలో, చలికాలంలో, వేసవిలో వేర్వేరు వంటకాలు పెడతాడు. వేసవి వడ్డనలో అంబలి, చెరకురసం, కొబ్బరినీరు, నీరుమజ్జిగ కనిపిస్తాయి. అది మద్యం లేని వైష్ణవ గృహం. అయినా ఏ వేళకు ఏ పానీయమన్న ఆలోచన అక్కడా ఇదే.

3. కల్లులో వేళ:

తాటిచెట్టు గెలను కోసినప్పుడు ఊరే రసం మొదట మద్యం కాదు. అది సుమారు పది, పన్నెండు శాతం చక్కెర ఉన్న తియ్యని నీరు. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా నిలుస్తుంది. సున్నం లేని కుండలో చెట్టుమీదే పులియడం మొదలవుతుంది. గాలిలో, కుండగోడల్లో, గీసిన చోట ఉండే ఈస్ట్‌లు, బాక్టీరియా చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. అదే సమయంలో లాక్టిక్ ఆమ్లం పుల్లదనాన్ని తెస్తుంది. కొన్ని గంటలలో ఆల్కహాలు సుమారు నాలుగైదు శాతానికి చేరుతుంది. మరునాటికి ఎసిటిక్ ఆమ్లం పెరిగి పానీయం పులుసుబారుతుంది. ఇంకా నిలిస్తే అది వెనిగరే.

వైన్‌కు సంవత్సరాలలో జరిగే మార్పు కల్లుకు ఒక పగటిలో జరుగుతుంది. ఉదయం మంచులో దింపిన కుండ, మధ్యాహ్నం అదే కుండ, సాయంత్రం అదే కుండ మూడు వేర్వేరు పానీయాలు. కనుక కల్లును రుచి చూసేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఏ చెట్టుది’ అన్నది కాదు, ‘ఎప్పుడు దింపినది’ అన్నది. చెట్టు ప్రశ్న ఆ తరువాతది. పోతుతాటి కల్లు, పండుతాటి కల్లు, ఈతకల్లు వేర్వేరని గీతవృత్తివారు గుర్తిస్తారు. తాటికి గెలను గీస్తే, ఈతకు మొవ్వుకు దిగువన కాండాన్నే చెక్కి రసం తీస్తారు. ఈత చలికాలానిది, తాటి ప్రధానంగా వేసవి వైపుది. చెక్కిన ఈతచెట్టుకు గాయం ఆరేందుకు మధ్యలో విరామం ఇవ్వాలి. విరామం తరువాతి మొదటి కల్లుకున్న తీపి వరుసగా గీసిన చెట్టు కల్లుకు ఉండదు.

రుచి చూసే క్రమం సులభమే. ముందు కుండలో నురుగును చూడాలి. పులియడం చురుకుగా ఉన్న కల్లులో సన్నని నురుగు ఆగకుండా పైకి వస్తుంటుంది. రంగు పాలవిరుగుడులా మసకగా ఉండాలి. నీళ్ళలా పలచబడితే అనుమానించాలి. తరువాత వాసన. ఈస్ట్ వాసన, పండిన పండు వాసన మంచి గుర్తులు. ముక్కును పొడిచే పులుపు వాసన వస్తే వేళ దాటినట్లు. మొదటి గుక్కను మింగే ముందు నాలుకంతా పరచుకోనిచ్చి, తీపి ముందు తగిలిందా పులుపు ముందు తగిలిందా గమనించాలి. తాజా కల్లులో తీపి ముందుండి పులుపు వెనుక వస్తుంది. ముదిరినదానిలో ఈ వరుస తారుమారవుతుంది. మింగిన తరువాత కూడా గొంతులో అంటుకొని వదలని తీపి శాకరిన్‌ది కావచ్చు. సహజమైన చక్కెర తీపి అంతసేపు నిలవదు.

4. వడ్డన:

మట్టికుండ కేవలం సంప్రదాయం కాదు. దాని గోడల రంధ్రాల గుండా నీరు ఆవిరై లోపలి పానీయాన్ని చల్లబరుస్తుంది. చల్లదనం పులియడాన్ని నెమ్మదింపజేస్తుంది. తాటాకు రేకలో పోసుకొని తాగే పద్ధతిలోనూ ప్రయోజనం ఉంది. రేకలో పట్టేది కొద్దిగానే, దాన్ని కింద పెట్టడం కుదరదు, కనుక పోసినది పోసినట్లే తాజాగా తాగవలసి వస్తుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు, ఆమ్లం వాటిని తింటుంది. మూత బిగించిన సీసాలో కల్లును ప్రయాణానికి తీసుకెళ్ళడం ప్రమాదకరం. లోపల వాయువు పెరిగి సీసా పగలవచ్చు.

గ్రామదేవతల కొలుపులలో తాగేముందు కల్లును నేలపై ధారగా పోసే ఆచారం ఉంది. తెలంగాణలో దీన్ని సాకపోయడం అంటారు. మొదటి భాగం నేలకు, దేవతకు చెందాలన్నది విశ్వాసం. ఆ ధారలో నురుగు, పలుచదనం అందరి కళ్ళముందు తేటపడతాయన్నది దాని పక్కనే ఉన్న లౌకికప్రయోజనం.

ఒకటికి మించి కుండలున్నప్పుడు తియ్యనిది ముందు, పుల్లనిది తరువాత పోయాలి. వరుస తిరగేస్తే తీపికల్లు చప్పబడినట్లు తోస్తుంది.

5. కారం, పులుపు, వగరు: జత కుదిరే తీరు:

మిరపలోని క్యాప్సైసిన్ నోటిలో వేడిని గుర్తించే గ్రాహకాన్నే తాకుతుంది. ఆల్కహాలు కూడా అదే గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. అందుకే కారపు కూర తిని గాఢమైన మద్యం తాగితే మంట రెట్టింపవుతుంది. నాటుకోడి పులుసు పక్కన సారాయి, విస్కీ వంటివి నాలుకను మొద్దుబారుస్తాయి తప్ప రుచిని పెంచవు. నాలుగైదు శాతం ఆల్కహాలు, కొంత తీపి, కొంత వాయువు ఉన్న ఉదయపు కల్లు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. దానిలోని చక్కెర మంటను తగ్గిస్తుంది, తక్కువ ఆల్కహాలు దాన్ని రేపదు.

గోంగూర, చింతపండు పులుసుల విషయం వేరు. పుల్లని ఆహారం పానీయంలోని పులుపును తగ్గినట్లు చూపిస్తుంది. కాబట్టి మధ్యాహ్నానికి కాస్త ముదిరిన కల్లు విడిగా పుల్లగా తోచినా గోంగూర మాంసం పక్కన సమంగా ఉంటుంది. ఉదయపు తీపికల్లు అదే కూర పక్కన చక్కెరనీళ్ళలా మిగులుతుంది. వేళ ముదిరేకొద్దీ నంజు కూడా పులుపు వైపు, ఉప్పు వైపు జరగాలన్నది దీని సారం. ఉడికించిన అలసందలు, ఉలవ గుగ్గిళ్ళు, వేయించిన చెనక్కాయలు మధ్యవేళకు చెందినవి. వాటి పిండిపదార్థం, నూనె పులుపును మెత్తబరుస్తాయి. కాల్చిన ఎండుచేపల ఉప్పు సాయంత్రపు కల్లుకు తోడు.

మిఠాయిలతో కల్లు పొసగదు. పళ్ళెంలోని తీపి పానీయంలోని తీపిని మింగేసి పులుపును మాత్రమే మిగులుస్తుంది. వైన్‌కు కూడా ఇదే నియమం.

‘వగరు’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్ర వైన్‌లోని టానిన్ల స్పర్శను తెలుగులో వివరించడానికి కొత్త పదం కల్పించనక్కరలేదు. పచ్చి అరటికాయ, లేత వక్క, కరక్కాయ నోటికి తెచ్చే బిగుతు వగరే. షడ్రుచులలో దీనిని కషాయమన్నారు. ఉగాది పచ్చడిలో మామిడిపిందె వగరును కోరి చేర్చుకునే జాతికి టానిన్ అపరిచితం కాదు. కల్లులో వగరు స్వల్పం. అందువల్ల కొవ్వున్న మేకమాంసం వద్ద ఎర్ర వైన్ చేసే పనిని కల్లు పులుపుతోనూ నురుగుతోనూ చేస్తుంది.

కల్లు ముట్టని ఇళ్ళలో ఈ పనులన్నీ మజ్జిగవే. పాలలోని కేసీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకొని నాలుకనుండి తొలగిస్తుంది. కొమరోలు వేసవిలో సంగటి పక్కన మజ్జిగముంత ఉండడం పేదరికపు గుర్తుగా కొందరు రాస్తారు. రుచి దృష్టితో చూస్తే ఇది ఎంతో కుదిరిన జత.

నల్లమలలోని చెంచుల ఇప్పపువ్వు సారాను ఈ వరుసలో కలపలేం. వేసవి ఆరంభంలో రాలిన పువ్వును ఎండబెట్టి, నానబెట్టి, పులియబెట్టి బట్టీపట్టేది గనుక అది కల్లులా వేళకు లోబడదు.

6. ఈ పళ్ళెం పక్కన వైన్:

వైన్‌నే ఎంచుకునేవారికి పై సూత్రాలు వర్తిస్తాయి. కారపు కూరలకు ఆల్కహాలు తక్కువగా, కొద్దిపాటి తీపితో ఉన్న చల్లని తెల్ల వైన్ నయం. రీస్లింగ్, నాసిక్ ప్రాంతంలో విస్తారంగా పండే షెనిన్ బ్లాంక్ ఇందుకు తగినవి. వగరు హెచ్చుగా ఉన్న కాబర్నే సావిన్యాన్ మిరప పక్కన చేదెక్కుతుంది. తెల్ల వైన్‌ను 8 నుంచి 12 డిగ్రీల మధ్య, ఎర్రదాన్ని 15 నుంచి 18 డిగ్రీల మధ్య వడ్డించాలంటారు. ఎర్ర వైన్‌ను ‘గది ఉష్ణోగ్రత’లో ఇవ్వాలన్న మాట ఐరోపా చలిగదులను ఉద్దేశించినది. ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో ఎర్ర వైన్‌ను సైతం కాసేపు చల్లబరచక తప్పదు.

7. కల్తీ, నిషేధం, పదసేకరణ:

మద్యం రుచిని గూర్చిన ఏ చర్చ అయినా పొరుగు నెల్లూరు జిల్లాను మరచి సాగరాదు. 1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ స్త్రీల అనుభవంలో మద్యం రుచి కాదు, కూలి డబ్బు. నంజు గురించి రాసేవారు ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి పానాన్ని కళగా మాత్రమే వర్ణిస్తే అది సగం చిత్రమే.

కల్తీ మరొక సమస్య. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కల్లులో కలిపిన ఉదంతాలు తెలుగునేలపై పలుమార్లు బయటపడ్డాయి. హైదరాబాదులో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ వచ్చింది. చెట్టుకు, తాగేవారికి మధ్య దూరం పెరిగేకొద్దీ ‘ఎప్పుడు దింపినది’ అన్న ప్రశ్నకు జవాబిచ్చేవారు లేకుండాపోతారు. మత్తుమందును నాలుక పట్టలేకపోవచ్చు, అది ప్రయోగశాల పని. నీళ్ళను, శాకరిన్‌ను, వేళ దాటిన సరుకును మాత్రం రుచి తెలిసిన నాలుక పడుతుంది.

ఆ రుచిజ్ఞానం నిలిచింది వృత్తివారి మాటల్లో. లొట్టి, ముంత, మోకు, ముస్తాదు వంటి పనిముట్ల పేర్లు కొంతవరకైనా పుస్తకాలకెక్కాయి. కల్లు దశలను, నురుగు తీరును, చెట్టుచెట్టుకు మారే రుచిని సూచించే మాటలు మాట్లాడేవారితోనే ఉన్నాయి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశం అనుసరించిన పద్ధతి ఈ పనికి తగినది. ఊరూరా వృత్తివారిని కలిసి, వస్తువును చూపి, వారు చెప్పిన మాటను చెప్పినట్లే రాసుకోవడం ఆ పద్ధతి. కొమరోలు, గిద్దలూరు, కంబం మండలాలలో ఈ సేకరణకు పూనుకునేవారు రోజుకు మూడుసార్లు వెళ్ళాలి. ఉదయం కుండ దిగినప్పుడు, మధ్యాహ్నం, మళ్ళీ పొద్దుగూకే వేళ అదే కుండ ముందు కూర్చుని, ‘ఇప్పుడు దీన్ని ఏమంటారు’ అని అడగాలి.